పాలిమర్లు, కంటి లెన్సులు, కాంతి: మూడూ కలిసిన పరిశోధన జీవితం ఎలా ఉంటుంది?

చదివే ఇతరులకూ అర్థం కావాలి కాబట్టి ముందు మీ ప్రశ్నను క్లుప్తంగా చెబుతాను. మీరు పాలిమర్ కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ పూర్తి చేయబోతున్నారు, పీహెచ్‌డీ చేయాలని ఉంది. పాలిమర్లు (చిన్న అణువులు గొలుసుల్లా కలిసి ఏర్పడే పదార్థాలు), శరీరంలో అమర్చే బయోమెటీరియల్స్, దృశాశాస్త్రం (ఆప్టిక్స్) మూడూ మీకు ఇష్టమే. కానీ మీ ప్రొఫెసర్ "మూడు చోట్ల తవ్వితే ఎక్కడా నీరు పడదు" అని హెచ్చరించారు. ఇలాంటి పరిశోధన జీవితం నిజంగా ఉంటుందా, ఉంటే రోజువారీగా ఎలా ఉంటుంది, పీహెచ్‌డీకి ఏ అంశం తీసుకోవాలి, దాని కోసం విదేశాలకు వెళ్లక తప్పదా అని అడిగారు.

నా ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం కంటిలో పెట్టే పాలిమర్ల మీదే గడిచింది. కాబట్టి ఈ మూడూ కలిసే చోటు ఒకటి ఉందని ధైర్యంగా చెప్పగలను. మీ ప్రొఫెసర్ హెచ్చరికలో సగం నిజం ఉంది. మూడు శాస్త్రాలనూ పైపైన నేర్చుకున్నవారికి ఈ రంగంలో పని దొరకదు. అయితే మూడింటినీ కలిపి అడిగే ప్రశ్న ఒకటుంది, దాన్ని లోతుగా తవ్వవచ్చు. నా దృష్టిలో ఆ ప్రశ్న ఇది: పాలిమర్ లోపల నీరు ఎక్కడ ఉంది, ఎంత పరిమాణపు గుంపులుగా ఉంది, ఎంత తేలికగా కదులుతోంది? కంటి లెన్సుల చరిత్రలో పెద్ద విజయాలను, పెద్ద వైఫల్యాలను ఒక్కొక్కటిగా తీసి చూస్తే చాలావరకు ఈ ప్రశ్న దగ్గరికే వస్తాయి. అందుకే సిద్ధాంతం కంటే ముందు కొన్ని నిజమైన కథలు చెబుతాను.

మొదటి కథలో నీటి పాత్ర దాదాపు లేదు. 1949 నవంబరు 29న లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో హెరాల్డ్ రిడ్లీ శుక్లం తీసిన కంటిలో మొదటిసారి కృత్రిమ లెన్స్ అమర్చారు. రెండో ప్రపంచ యుద్ధంలో విమానం అద్దాలు పగిలి పెర్‌స్పెక్స్ ముక్కలు కళ్లలో దిగిన పైలట్లకు ఆయన చికిత్స చేశారు. ఆ ముక్కలు కంటిలో ఏళ్ల తరబడి ఉన్నా పెద్దగా వాపు రాకపోవడం గమనించారు. పెర్‌స్పెక్స్ అంటే పాలిమిథైల్ మెథాక్రిలేట్, మీరు ప్రయోగశాలలో పీఎంఎంఏ అని పిలిచేదే. రిడ్లీ కోసం ఐసీఐ సంస్థ మరింత శుద్ధమైన పదార్థాన్ని తయారుచేసింది, రేనర్ సంస్థ లెన్స్ చేసింది. శుద్ధి ఎందుకు ముఖ్యమంటే, కంటికి హాని చేసేది చాలాసార్లు పాలిమర్ గొలుసు కాదు. అందులో మిగిలిపోయిన మోనోమర్ (గొలుసులో చేరని చిన్న అణువు), ఇనిషియేటర్ (గొలుసు కట్టడాన్ని మొదలుపెట్టే రసాయనం) ముక్కలు హాని చేస్తాయి. ఆ రోజుల్లోనే ఇది అర్థమైంది.

కంటి కణజాలం పదార్థాన్ని ఒప్పుకుంది. కాంతి మాత్రం ఒప్పుకోలేదు. ఆపరేషన్ తర్వాత మొదటి రోగికి బలమైన హ్రస్వదృష్టి వచ్చింది. లెన్స్ ఆకారాన్ని సహజ కటకాన్ని చూసి రూపొందించారు. కానీ సహజ కటకం సగటు వక్రీభవన గుణకం సుమారు 1.42, పీఎంఎంఏది 1.49. చుట్టూ ఉన్న కంటి ద్రవానిది 1.336. లెన్స్ శక్తి ఈ తేడాల మీద ఆధారపడుతుంది. 0.084 ఉండాల్సిన తేడా 0.154 అయింది. అదే వంపు ఉన్న లెన్స్‌కు దాదాపు రెండింతల శక్తి వచ్చేసింది. ఈ ఒక్క లెక్క మీరు స్వయంగా చేసి చూడండి. పదార్థం మారితే ఆకారం మారాలి, ఆకారం మారితే కణజాలంతో సంబంధం మారుతుంది. మూడు శాస్త్రాలు ఒకే వస్తువులో ఎలా కలిసి ఉంటాయో ఇక్కడే కనిపిస్తుంది.

రెండో కథ నాకు అన్నిటికంటే ఇష్టమైనది. ప్రాగ్ నగరంలో ఒటో విక్టర్లే అనే రసాయన శాస్త్రవేత్త, ఆయన సహచరుడు ద్రహొస్లావ్ లీమ్ 1950ల మొదట్లో ఒక ప్రశ్న వేసుకున్నారు: శరీరంలో పెట్టే ప్లాస్టిక్ గట్టిగా, పొడిగా ఎందుకు ఉండాలి? కణజాలంలో ఎక్కువ భాగం నీరే కదా? వారు హైడ్రాక్సీఇథైల్ మెథాక్రిలేట్ అనే మోనోమర్‌ను కొద్దిపాటి క్రాస్‌లింకర్‌తో (గొలుసులను ఒకదానితో ఒకటి కట్టే అణువుతో) కలిపి జెల్ చేశారు. ఈ మోనోమర్‌ను అందరూ హెమా అంటారు. దీనికీ పీఎంఎంఏ మోనోమర్‌కూ ఉన్న ప్రధానమైన తేడా చివరనున్న హైడ్రాక్సిల్ సమూహమే. అది ఉన్నందువల్ల గట్టి ప్లాస్టిక్ కాస్తా 38 శాతం నీరు పట్టే మెత్తని జెల్ అయింది. 1960లో వారు ఈ ఫలితాన్ని నేచర్ పత్రికలో ప్రచురించారు.

జెల్ దొరికినా లెన్స్ దొరకలేదు. మూసిన అచ్చుల్లో పోస్తే, తెరిచేటప్పుడు అంచులు చిరిగిపోయేవి. 1958లో రాజకీయ కారణాలతో విక్టర్లేను తన విద్యాసంస్థ నుంచి తొలగించారు. తర్వాత పాలిమర్ల కోసం కొత్తగా ఏర్పడిన సంస్థకు నాయకత్వం వహించినా, లెన్సుల పనికి పై నుంచి మద్దతు కరువైంది. 1961 క్రిస్మస్ సెలవుల్లో ఆయన ఇంట్లోనే మెర్కూర్ అనే పిల్లల ఇనుప ఆటసామాను, సైకిల్ డైనమో, కాలింగ్ బెల్‌కు వాడే ట్రాన్స్‌ఫార్మర్ కలిపి ఒక యంత్రం చేశారు. తిరుగుతున్న తెరిచిన అచ్చులో మోనోమర్ ద్రవం పోశారు. లెన్స్ బయటి వంపును అచ్చు ఇచ్చింది, లోపలి వంపును భ్రమణం ఇచ్చింది. తిరిగే ద్రవం ఉపరితలం పారాబోలా ఆకారం తీసుకుంటుందని మనం ఇంటర్మీడియట్‌లో చదువుకున్నదే. వేగం, ద్రవం పరిమాణం మారిస్తే లెన్స్ శక్తి మారుతుంది. అంచు సహజంగానే నునుపుగా వస్తుంది. బాష్ అండ్ లాంబ్ సంస్థ ఈ పద్ధతి హక్కులు తీసుకుని తయారుచేసిన మెత్తని లెన్సుకు 1971లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి లభించింది.

ఈ కథను చాలామంది ఆటసామాను కోసం చెబుతారు. నేను మరో కారణంతో చెబుతున్నాను. పాలిమరీకరణ జరుగుతుండగానే దృశ్య ఉపరితలం ఏర్పడేలా చేయడం ఒక పాలిమర్ శాస్త్రవేత్తకే తట్టగల పరిష్కారం. దృశాశాస్త్రం మాత్రమే తెలిసినవారు లెన్సును చెక్కి, మెరుగుపెట్టాలని చూస్తారు. మెత్తని జెల్‌ను అలా మెరుగుపెట్టడం కుదరదు. విక్టర్లే పాలిమర్‌లో లోతుగా ఉంటూనే మిగతా రెండు వైపులా చూడగలిగారు. మీకు నా సలహా కూడా అదే: మీ పునాది పాలిమర్‌లో ఉండనివ్వండి.

హెమా గురించి మరో మాట. పుస్తకాల్లో ఇది తక్కువగా కనిపిస్తుంది, పనిలో ప్రతిరోజూ ఎదురవుతుంది. కొన్న సీసాలో హెమా ఒక్కటే ఉండదు. కొంచెం డైమెథాక్రిలేట్ ఉంటుంది, అది మీరు కలపకుండానే క్రాస్‌లింకర్‌గా పనిచేస్తుంది. కొంచెం మెథాక్రిలిక్ ఆమ్లం ఉంటుంది, అది జెల్‌కు రుణావేశం ఇస్తుంది. కన్నీటిలో లైసోజైమ్ అనే ప్రొటీన్ ఉంది, అది ధనావేశం గలది. ఆమ్లం పాలు పెరిగే కొద్దీ లెన్స్ ఎక్కువ నీరు పీల్చుకుంటుంది, ఎక్కువ లైసోజైమ్‌నూ పట్టుకుంటుంది. ఒక బ్యాచ్ లెన్సులు అనుకున్న కొలత కంటే ఉబ్బాయంటే మొదట మోనోమర్ శుద్ధతను పరీక్షించాలి. మొదటి సంవత్సరంలో గ్యాస్ క్రోమటోగ్రఫీ (మిశ్రమంలోని పదార్థాలను విడదీసి కొలిచే పరికరం) ముందు గడిపిన సమయం వృథా అని కొత్త విద్యార్థులు బాధపడుతుంటారు. ఈ రంగంలో మంచి శాస్త్రవేత్తలు తయారయ్యేది అక్కడే.

ఇక ఆక్సిజన్ కథ. కార్నియాలో (కంటి ముందుండే పారదర్శకమైన పొరలో) రక్తనాళాలు ఉండవు, ఉంటే చూపుకు అడ్డు. అందుకే మెలకువగా ఉన్నప్పుడు అది ప్రధానంగా గాలి నుంచే ఆక్సిజన్ తీసుకుంటుంది. పైన లెన్స్ పెడితే ఆ లెన్స్ గుండానే ఆక్సిజన్ రావాలి. 1984లో బ్రయన్ హోల్డెన్, జార్జ్ మెర్ట్జ్ కలిసి, లెన్స్ పెట్టుకున్నా కార్నియా అదనంగా ఉబ్బకుండా ఉండాలంటే ఎంత ఆక్సిజన్ దాటాలో కొలిచారు. ఈ రంగంలో వాడే ప్రమాణంలో పగటి వాడకానికి 24, లెన్సుతోనే నిద్రపోవడానికి 87 అని తేల్చారు. ఆస్ట్రేలియాకు చెందిన హోల్డెన్‌కు హైదరాబాద్‌తో గట్టి అనుబంధం ఉండేది. ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలోని పరిశోధన కేంద్రానికి ఆయన పేరే పెట్టారు.

ఇప్పుడు ఒక లెక్క చూడండి. హెమా జెల్‌లో ఆక్సిజన్ నీటి గుండానే ప్రయాణిస్తుంది. దాని పారగమ్యత, అంటే ఆక్సిజన్‌ను పంపే గుణం, సుమారు 10 బ్యారర్లు (దాన్ని కొలిచే ప్రమాణం), స్వచ్ఛమైన నీటిది సుమారు 80. పైన చెప్పిన 24, 87 ఈ పారగమ్యతను లెన్స్ మందంతో భాగిస్తే వచ్చే విలువలు. కేవలం నీటితోనే 0.1 మిల్లీమీటరు మందపు లెన్స్ చేయగలిగామని ఊహించుకుందాం. అప్పుడు కూడా మనకు వచ్చే విలువ 80. అంటే 87కు చేరదు. నీటి శాతం ఎంత పెంచినా ఈ దారిలో గమ్యం లేదని కాగితం మీదే తెలిసిపోతుంది. ఆక్సిజన్‌ను తేలికగా పంపే పదార్థం సిలికోన్. కానీ సిలికోన్ నీటిని వెళ్లగొడుతుంది, కంటికి అతుక్కుపోతుంది, కన్నీటిలోని కొవ్వులను పట్టుకుంటుంది.

సిలికోన్‌నూ హైడ్రోజెల్‌నూ (హెమాలా నీరు పట్టే జెల్‌నూ) కలిపితే? రెండూ కలవవు, విడిపోతాయి. విడిపోయిన ముక్కలు పెద్దవైతే కాంతి చెల్లాచెదురై లెన్స్ పాలలా తెల్లబడుతుంది. పూర్తిగా కలిసిపోతే మరో ఇబ్బంది: నీటికి దారి ఉండదు. లెన్స్ కంటి మీద కదలాలంటే దాని గుండా నీరు, అయాన్లు కొంతైనా పారాలి, లేకపోతే అది కార్నియాకు అంటుకుపోతుంది. కాబట్టి కావలసింది చాలా ఇరుకైన స్థితి. రెండు దశలూ విడిపోవాలి, రెండూ ఈ చివరి నుంచి ఆ చివరి దాకా తెగకుండా సాగాలి, ఆ దారుల వెడల్పు మాత్రం కాంతి తరంగదైర్ఘ్యం కంటే చాలా తక్కువగా ఉండాలి. దానికి మోనోమర్ మిశ్రమాన్ని, ద్రావణిని, గట్టిపడే వేగాన్ని కలిపి అదుపు చేయాలి. ఇలాంటి సిలికోన్ హైడ్రోజెల్ లెన్సులు 1999లో మార్కెట్లోకి వచ్చాయి. ఒక ప్రసిద్ధ రకంలో నీరు 24 శాతమే, పారగమ్యత మాత్రం 140 బ్యారర్లు. ఉపరితలాన్ని ప్లాస్మాతో (అయాన్లుగా మారిన వాయువుతో) మార్చి కన్నీరు పరుచుకునేలా చేశారు. మెత్తని లెన్సుల చరిత్రలో పాలిమర్ శాస్త్రం సాధించిన అత్యంత అందమైన పని ఇదేనని నా అభిప్రాయం.

కాంతి పరిక్షేపణం, అంటే కాంతి చెదరడం, ఎంత కఠినంగా ఉంటుందో అంకెల్లో చెబుతాను. తరంగదైర్ఘ్యం కంటే బాగా చిన్న బొట్ల విషయంలో, అదే మొత్తం నీరు రెండింతల వ్యాసమున్న బొట్లుగా చేరితే పరిక్షేపణం 8 రెట్లవుతుంది. నీరు పెరగలేదు, గుంపు పెరిగింది. లెన్స్ స్పష్టతను నీటి శాతంతో అంచనా వేయకూడదని నేను విద్యార్థులకు పదే పదే చెప్పేది ఇందుకే.

శుక్లం ఆపరేషన్లలో వాడే మడిచే లెన్సులు దీనికి మంచి ఉదాహరణ. 1990ల మధ్యలో నీటిని అంతగా ఇష్టపడని అక్రిలిక్ లెన్సులు వచ్చాయి. వాటిలో బెంజీన్ వలయాలు ఉండడం వల్ల వక్రీభవన గుణకం 1.55 దాకా వెళ్లింది. లెన్స్ పలచబడింది, మడిచి చిన్న కోత గుండా పంపడం సాధ్యమైంది. ఈ లాభానికి చెల్లించిన ధర కూడా ఉంది: బెంజీన్ వలయాలు పెరిగితే రంగులు విడిపోవడం కూడా పెరుగుతుంది. ఎంతో శుభ్రమైన ఆ పదార్థంలో కొన్నేళ్లకు మెరిసే చుక్కలు కనిపించడం మొదలైంది. వైద్యులు వాటిని గ్లిస్టెనింగ్స్ అన్నారు. అవి కొన్ని మైక్రోమీటర్ల నీటి బొట్లు. వెచ్చగా ఉన్నప్పుడు పాలిమర్ కొద్దిగా నీరు కరిగించుకుంటుంది. ఉష్ణోగ్రత తగ్గగానే అంత నీరు ఇముడ్చుకోలేదు. మిగులు నీరు బయటికి పోయే లోపే లోపల చిన్న ఖాళీల్లో బొట్లుగా చేరుతుంది. 1.55 గుణకం ఉన్న పదార్థంలో 1.33 గుణకం ఉన్న బొట్టు కాంతిని గట్టిగా చెదరగొడుతుంది.

మా ప్రయోగశాలలో కొత్తగా చేరినవారితో ఈ ప్రయోగం చేయించేవాణ్ణి. ఒక అక్రిలిక్ ముక్కను 45 డిగ్రీల ఉప్పునీటిలో ఉంచి, తర్వాత కంటి ఉష్ణోగ్రతకు దించి సూక్ష్మదర్శిని కింద చూడమనేవాణ్ణి. నిమిషాల్లో చుక్కలు పుట్టుకొస్తుంటే వారి ముఖాలు మారిపోయేవి. నీరు లోపలికి రాకుండా ఇంకా గట్టిగా అడ్డుకోవాలనే అందరూ మొదట అంటారు. పరిష్కారం దానికి వ్యతిరేక దిశలో దొరికింది. తర్వాతి తరం లెన్సుల్లో నీటిని ఇష్టపడే మోనోమర్‌ను కొంత కలిపారు. ఒక ప్రధాన రకంలో అలా కలిపింది విక్టర్లే వాడిన హెమానే. నీరు కొంచెం ఎక్కువే పట్టింది, సుమారు 1.5 శాతం. కానీ ఆ నీరు గొలుసుల మధ్య చెదురుగా ఉండిపోయింది, బొట్టుగా చేరలేదు, చుక్కలు బాగా తగ్గాయి. పాలిమర్‌ను దశా సమతౌల్యం (నీరు, పాలిమర్ ఎప్పుడు కలిసి ఉంటాయి, ఎప్పుడు విడిపోతాయి) కోణంలో చూడగలిగినవారికే ఇది తడుతుంది.

నీటిని బాగా ఇష్టపడే అక్రిలిక్ లెన్సులకు వేరే జబ్బు ఉంది. కొన్నిటిలో కాల్షియం ఫాస్ఫేట్ పేరుకుని లెన్స్ తెల్లబడింది. ఒక రకంలో కారణం వెతికితే ప్యాకింగులో వాడిన సిలికోన్ రబ్బరు నుంచి వచ్చిన అణువుల పాత్ర బయటపడింది. ఆ తర్వాత కార్నియా మార్పిడి కోసం కంటిలో గాలి లేదా వాయువు నింపిన రోగుల్లోనూ ఇలాంటి నిక్షేపాలు కనిపించాయి. అంటే మీ పాలిమర్ చరిత్రలో ప్యాకింగు, ఆటోక్లేవ్ (ఆవిరితో క్రిములను చంపే యంత్రం), భవిష్యత్తులో జరగబోయే ఆపరేషన్ కూడా భాగమే.

మీ ప్రొఫెసర్ సందేహానికి తిరిగి వస్తాను. మూడు రంగాలనూ కలిపి లోతుగా పనిచేసినవారు ఉన్నారా? టోయోయిచి తనాకా పేరు చెబుతాను. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఆయన జార్జ్ బెనెడెక్‌తో కలిసి లేజర్ కాంతి పరిక్షేపణంతో జెల్‌లను, కంటి కటకాన్ని అధ్యయనం చేశారు. చిన్న వయసు ఎలుక కటకాన్ని చల్లబరిస్తే తెల్లబడుతుంది, వెచ్చబరిస్తే మళ్లీ స్పష్టమవుతుంది. ఇది ప్రొటీన్, నీరు రెండు దశలుగా విడిపోవడమేనని 1977లో తనాకా, ఆయన సహచరులు చూపారు. మరుసటి ఏడాదే ఆయన పాలిఅక్రిలమైడ్ జెల్‌లు ద్రావణి కూర్పు లేదా ఉష్ణోగ్రత కొద్దిగా మారగానే ఒక్కసారిగా కుంచించుకుపోగలవని చూపిన పరిశోధనను ప్రచురించారు. స్పందించే జెల్‌లపై నేడు జరుగుతున్న పనికి అది పునాది. కంటిశుక్లం, జెల్ కుంచించుకోవడం వినడానికి వేరు వేరు విషయాలు. వాటి వెనకున్న భౌతికశాస్త్రం ఒకే కుటుంబానికి చెందింది, వాడిన కొలత పద్ధతి కూడా ఒకటే. దీన్ని చెల్లాచెదురు కృషి అనడం న్యాయం కాదు.

రాబర్ట్ గ్రబ్స్‌ది మరో దారి. ఆయనకు 2005లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది ఉత్ప్రేరకాల మీద చేసిన పనికి. అదే గ్రబ్స్, కాల్‌టెక్‌లో (కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో) పాలిమర్ భౌతికశాస్త్రం చేసే జూలియా కార్న్‌ఫీల్డ్, కంటి వైద్యుడు డేనియల్ ష్వార్ట్జ్ కలిసి, ఆపరేషన్ తర్వాత శక్తిని మార్చగల లెన్స్‌ను రూపొందించారు. సిలికోన్ వలలో కాంతికి స్పందించే చిన్న అణువులు ఉంటాయి. అతినీలలోహిత కాంతి పడిన చోట అవి కలిసి గట్టిపడతాయి. స్పందించని అణువులు ఆ దిశగా వ్యాపిస్తాయి, లెన్స్ వంపు మారుతుంది. కావలసిన శక్తి రాగానే మొత్తాన్నీ కాంతితో స్థిరపరుస్తారు. 2017లో దీనికి అమెరికాలో అనుమతి వచ్చింది. ముగ్గురూ తమ తమ రంగాల్లో నిష్ణాతులు. ఒకరి మాట ఒకరికి అర్థమయ్యేంత పరిజ్ఞానం ఉంటే చాలు, ముగ్గురి నైపుణ్యమూ ఒక్కరిలోనే ఉండనక్కర్లేదు.

రోజువారీ జీవితం ఎలా ఉంటుందని అడిగారు. విశ్వవిద్యాలయంలో అయితే కొత్త పదార్థం చేయడం, దాని నిర్మాణం చూడడం, పత్రం రాయడం. పరిశ్రమలో అయితే ఉన్న పదార్థాన్ని నమ్మదగ్గదిగా చేయడం. రెండో పని చిన్నదని అనుకోవద్దు. ఒక సూత్రం (పదార్థం కూర్పు) తయారైన తర్వాత మిగిలిన మోనోమర్‌ను ద్రావణితో ఎన్ని గంటలు తీయాలి, అతినీలలోహిత కిరణాలను ఆపే అణువును గొలుసుకు రసాయనికంగా కట్టామా లేదా అన్నది చూడాలి. ఎల్929 అనే ఎలుక కణాల మీద విషపరీక్ష, వేగవంతమైన వృద్ధాప్య పరీక్ష, లేజర్ తగిలితే ఏమవుతుందన్న పరీక్ష వరుసగా వస్తాయి. దృశ్య నాణ్యతకు నమూనా కంటిలో మిల్లీమీటరుకు 100 గీతల జతల దగ్గర ఎంత కాంట్రాస్ట్ మిగిలిందో కొలుస్తారు. వీటన్నిటికీ అంతర్జాతీయ ప్రమాణాలున్నాయి. పీహెచ్‌డీ కాలంలోనే ఐఎస్ఓ 11979, 10993 అనే రెండు ప్రమాణాల వరుసలు ఒకసారి చదవండి. మన దేశంలో 2018 జనవరి నుంచి అమల్లో ఉన్న వైద్య పరికరాల నియమాలు కూడా చూడండి. పరిశ్రమలో పనిచేస్తే మీ మంచి ఆలోచనల్లో చాలావరకు పత్రాలుగా కాక పేటెంట్లుగా వెలువడతాయి, కొన్ని అసలే బయటికి రావు. పేరు ముఖ్యమనుకునేవారికి ఇది కష్టంగా ఉంటుంది. అమర్చిన లెన్స్ ఒక మనిషి కంటిలో పదుల ఏళ్లు ఉంటుందన్న బాధ్యత మాత్రం రెండు చోట్లా ఒకటే.

పీహెచ్‌డీ అంశం విషయానికి వస్తే, "కొత్త బయోమెటీరియల్ తయారీ" అనే విశాలమైన శీర్షిక తీసుకోవద్దు. అలాంటి సిద్ధాంత గ్రంథాల్లో పది సూత్రాలు, పది కణ పరీక్షలు ఉంటాయి, ఒక్క కారణమూ ఉండదు. ఒకే పాలిమర్ కుటుంబాన్ని తీసుకుని, నీటి స్థితికీ స్పష్టతకూ ఉన్న సంబంధాన్ని పట్టుకోండి. ఉదాహరణకు సిలికోన్, హైడ్రోఫిలిక్ మోనోమర్ల మిశ్రమంలో గట్టిపడే వేగం మారిస్తే దశల వెడల్పు ఎలా మారుతుంది, దాంతో పరిక్షేపణం, అయాన్ల రవాణా ఎలా మారతాయి అన్నది మంచి ప్రశ్న. కాల్షియం నిక్షేపం మొదట ఎక్కడ మొలకెత్తుతుంది, ఉపరితలంలోనా లోపలా, దాన్ని గొలుసు రసాయనంతో ఆపగలమా అన్నది మరొకటి. కార్నియాను అనుకరించే కొల్లాజెన్ జెల్‌లు మూడోది, అన్నిటికంటే కష్టమైనది. సహజ కార్నియాలో 78 శాతం దాకా నీరే, అయినా అది స్పష్టంగా ఉంటుంది. ఎందుకంటే సుమారు 30 నానోమీటర్ల కొల్లాజెన్ పోగులు ఒక క్రమమైన ఎడంతో అమరి ఉంటాయి. ఆ ఎడం చెదిరితే కార్నియా మబ్బు పడుతుంది. ఆ అమరికను ప్రయోగశాలలో పూర్తిగా తేగలిగినవారు ఇంతవరకు లేరు.

ఏ అంశం తీసుకున్నా కొలతలన్నీ కంటి ఉష్ణోగ్రతలో, ఉప్పునీటిలో చేయండి. గది ఉష్ణోగ్రతలో, స్వచ్ఛమైన నీటిలో తీసుకున్న అంకెలు పత్రాల్లో చక్కగా కనిపిస్తాయి, కంటికి మాత్రం వర్తించవు. డీఎస్‌సీతో (చల్లబరుస్తూ, వేడిచేస్తూ పదార్థంలో ఉష్ణం మార్పును కొలిచే పరికరంతో) గడ్డకట్టే నీటినీ గడ్డకట్టని నీటినీ వేరు చేయడం నేర్చుకోండి. వక్రీభవన గుణకాన్ని ఒక్క తరంగదైర్ఘ్యంలో కొలిచి ఆగిపోకండి. ఒక సెమిస్టర్ దృశాశాస్త్రం విభాగంలో కూర్చుని పాఠాలు వినండి. వీలైతే కొన్ని రోజులు కంటి ఆపరేషన్ థియేటర్లో నిలబడి చూడండి. సర్జన్ లెన్సును చిన్న గొట్టంలోంచి తోస్తున్నప్పుడు అది ఎంత నలుగుతుందో చూసిన తర్వాత స్థితిస్థాపకత గురించి మీరు వేసే ప్రశ్నలు మారతాయి.

విదేశాల సంగతి. వెళ్లవచ్చు, వెళ్లక తప్పదన్నది మాత్రం ఇప్పుడు నిజం కాదు. తిరువనంతపురంలోని శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థలో ఆసుపత్రీ బయోమెటీరియల్స్ ప్రయోగశాలా ఒకే పాలనలో ఉన్నాయి. 1970ల్లో మొదలైన అక్కడి గుండె కవాటం పని, విఫలమైన నమూనాలను దాటుకుంటూ 1990 డిసెంబరులో మనిషికి అమర్చే దశకు చేరింది. ఆ కవాటంలో తెరుచుకుని మూసుకునే బిళ్ల అతి అధిక అణుభారం గల పాలిఎథిలీన్. మదురైలో అరవింద్ కంటి ఆసుపత్రుల అనుబంధంగా 1992లో ఆరోల్యాబ్ మొదలైంది. దిగుమతి లెన్సులు పేదలకు అందని రోజుల్లో వాటి ధరను ఎన్నో రెట్లు తగ్గించి చూపింది. గుజరాత్‌లోనూ తమిళనాడులోనూ కంటి లెన్సులు చేసే మరికొన్ని సంస్థలు ఉన్నాయి. వాటికి పాలిమర్ తెలిసిన మనుషులు కావాలి. హైదరాబాద్‌లోనే ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి, ఐఐటీ, సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర కేంద్రం) శాస్త్రవేత్తలు కలిసి, దానంగా వచ్చిన కార్నియాల నుంచి కణాలు తొలగించి తీసిన పదార్థానికి మూలకణాలు జోడించి త్రీడీ ముద్రణతో కార్నియా చేశారు. 2022లో దాన్ని కుందేలు కంటిలో అమర్చినట్లు ప్రకటించారు. మీరు హైదరాబాద్ చుట్టుపక్కల ఉంటే ఆ పత్రాలు చదివి, అక్కడి పరిశోధకులకు ఒక స్పష్టమైన ప్రశ్నతో ఉత్తరం రాయండి. "అవకాశం ఇవ్వండి" అని రాసే ఉత్తరాలు వారికి రోజూ వస్తాయి. "మీ జెల్ ఈ మందం దగ్గర ఇంత కాంతిని ఎందుకు చెదరగొడుతోంది" అని అడిగే ఉత్తరానికి జవాబు వచ్చే అవకాశం ఎక్కువ.

పీహెచ్‌డీ ఇక్కడ చేసి, పోస్ట్‌డాక్‌కు కొలతలు బలంగా ఉన్న ప్రయోగశాలకు బయటికి వెళ్లడం నేను ఎక్కువగా సూచించే దారి. న్యూట్రాన్ లేదా ఎక్స్‌కిరణాల పరిక్షేపణంతో నానోమీటర్ల స్థాయిలో దశలను చూసే సౌకర్యాలు ఉన్న చోటు ఎంచుకోండి. మన దేశంలో ముంబైలోని ధ్రువ రియాక్టర్ దగ్గర, ఇందోర్ సింక్రోట్రాన్ (బలమైన ఎక్స్‌కిరణాలు పుట్టించే యంత్రం) దగ్గర ఇలాంటి సౌకర్యాలకు విద్యార్థులు దరఖాస్తు చేసుకోవచ్చు. కాబట్టి ముందు ఆ దరఖాస్తు రాయడం నేర్చుకోండి. మీ ఎమ్మెస్సీ ప్రాజెక్టులో ఏ మోనోమర్లు వాడారో, నమూనాలు ఇంకా మీ దగ్గర ఉన్నాయో లేదో ఇక్కడే రాస్తే, వాటితో ఏ కొలతతో మొదలుపెట్టాలో చెబుతాను.